నీలగెడ్డవలస హైస్కూలుకి స్వేచ్ఛ వచ్చిన విధం

మజ్జి శకుంతల గారు చేసిన తప్పల్లా ఒకటే. ఆరేళ్ల కిందట ప్రభుత్వానికి ఒక ఉత్తరం రాశారు.

ఆవిడ నీలగెడ్డవలస జిల్లా పరిషత్ హైస్కూలుకి ప్రధానోపాధ్యాయిని. అంతకు ముందు ఇరవై రెండేళ్లు లెక్కల టీచరు. ఊరికీ బడికీ మధ్య గెడ్డ ఒకటి ఉంది. ఎండాకాలంలో ఆ వాగుని మేకలు కూడా కాళ్లు తడవకుండా దాటేస్తాయి. వానలు పడ్డాయంటే మాత్రం పిల్లలు రెండు మైళ్లు చుట్టు తిరిగి వంతెన మీంచి రావాలి. అందుకని జూలై నుంచి అక్టోబరు దాకా బడిని తొమ్మిదింటికి కాక తొమ్మిదిన్నరకి మొదలుపెట్టుకుంటామనీ, ఆ ఒక్క నిబంధన సడలించమనీ ఆవిడ పై అధికారులను ప్రార్థించారు. జవాబు రాలేదు. మరుసటి ఏడు జ్ఞాపకం చేశారు. ఆ పై ఏడూ చేశారు. తర్వాత రాయడం మానేసి, ఆలస్యంగా వచ్చిన పిల్లలను ఒక్క మాటా అనకుండా తరగతిలోకి రానివ్వడం మొదలుపెట్టారు. ప్రభుత్వాన్ని అడిగితే జరగని పనులు అడక్కుండా చేస్తే చక్కగా జరుగుతాయని ఆవిడకి ఆలస్యంగా తెలిసింది.

ఉత్తరాలు మాత్రం భద్రంగా ఉన్నాయి. ప్రభుత్వంలో కాగితం ఎక్కడికీ పోదు. కదలదు, అంతే.

ఇలా ఉండగా రాష్ట్రానికి చార్టర్ పాఠశాలల మీద మోజు పుట్టింది. పెద్దలు కొందరు పదకొండు రోజులు విదేశాలు తిరిగి వచ్చి, అక్కడ కొన్ని బడులు ప్రభుత్వంతో ఒక ఒప్పంద పత్రం రాసుకుని, నిబంధనల బెడద లేకుండా తమ ఇష్ట ప్రకారం నడుస్తాయనీ, పిల్లలు అద్భుతంగా చదువుతారనీ చెప్పారు. నిబంధనలు లేకుండా నడిచే బడులు మన దగ్గర లేకపోలేదు గానీ, వాటికి చట్టం లేదు. చట్టం లేనిదాన్ని సంస్కరణ అనరు, నిర్లక్ష్యం అంటారు. కాబట్టి చట్టం చేయదలిచారు. తొందరపడకుండా, ముందు ఒక్క బడిలో, మూడేళ్ల పాటు, ప్రయోగంగా.

బిల్లును సలహాదారుల కంపెనీ ఒకటి ఇంగ్లీషులో రాసిచ్చింది. మాతృభాష మీద గౌరవం కొద్దీ తెలుగు ప్రతే ప్రామాణికమని అందులో ఇరవై రెండో సెక్షను పెట్టారు. అనువాద విభాగం చేతికి అది మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. మర్నాడు పొద్దున్న పదింటికి సభలో ఉండాలి. 'విద్యా నియమావళిలోని నిబంధనలు సదరు పాఠశాలకు వర్తించవు' అని ఉండవలసిన ఏడో సెక్షను ఆ హడావుడిలో 'విద్యా నియమావళిలోని నిబంధనలను సదరు పాఠశాల పాటింపరాదు' అని పడింది.

సభలో బిల్లు నాలుగు నిమిషాల్లో గట్టెక్కింది. ఒక పక్షం వారు బల్లలు చరిచారు. రెండో పక్షం వారు అప్పటికే వాకౌట్ చేసి క్యాంటీన్‌లో పెసరట్లు తింటున్నారు. ఏడో సెక్షను ఎవరూ చదవలేదు.

ఇక బడి కావాలి. స్వేచ్ఛ కోరుకున్న బడికే స్వేచ్ఛ ఇవ్వడం న్యాయమని తలచి పాత ఫైళ్లు వెతికించారు. నిబంధన సడలించమని రాతపూర్వకంగా, ఒకటికి మూడుసార్లు వేడుకున్న బడి రాష్ట్రం మొత్తం మీద ఒక్కటే కనిపించింది.

ఉత్తర్వు అందిన రోజు శకుంతల గారు నిజంగానే సంతోషించారు. అటెండరు గున్నయ్య టీ గ్లాసు బల్ల మీద పెడుతూ ఆవిడ మొహం చూశాడు.

"ఏటమ్మగారూ, నవ్వతన్నారు? ట్రాన్స్‌ఫరు గానీ వొచ్చిందేటి?"

"కాదు గున్నయ్యా. మనది చార్టర్ బడి అయింది."

"అంటే చార్టులు అంటించాలా? సోషల్ మాస్టారి బీరువాలో పాత మేపులున్నాయి."

"చార్టులు కాదయ్యా. ఇవాళ్టి నుంచి మన బడిని మనమే నడుపుకోవచ్చట."

గున్నయ్య గ్లాసు కింది తడి తుడిచాడు. "ఇన్నాళ్లూ మరెవులు నడిపినారమ్మా?"

ఆవిడ నవ్వి టీ గ్లాసు అందుకున్నారు.

ఒప్పందం మీద సంతకాలు జిల్లా కేంద్రంలో జరిగాయి. ఉన్నది ఒక్క బడే అయినా దాని స్వేచ్ఛను చూసుకోవడానికి ఒక డైరెక్టరేటు, ప్రత్యేకాధికారి, ఇద్దరు ఉప ప్రత్యేకాధికారులు, పదకొండు మంది సిబ్బంది, మూడు జీపులు ఏర్పాటయ్యాయి. ప్రత్యేకాధికారి (స్వేచ్ఛ) కొల్లూరి భానుమూర్తి గారు. మంచి మనిషి. లంచం ముట్టడు, కోపం తెచ్చుకోడు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఏ కాగితానికీ సొంతంగా అర్థం చెప్పి ఎరుగడు. "అక్షరం మారితే అర్థం మారును, అర్థం మారితే అధికారి మారును" అని కింది ఉద్యోగులకు చెబుతుండేవాడు.

దీపం వెలిగించి, శాలువాలు కప్పి, ఉపన్యాసాలు సాగుతుండగా శకుంతల గారు చట్టం ప్రతి విప్పి చదివారు. లెక్కల టీచర్లకు ఉండే రోగం అది. ప్రశ్నలో ఏమిచ్చారో చూడనిదే జవాబు జోలికి వెళ్లరు. ఏడో సెక్షను దగ్గర ఆగిపోయారు. సభ అయ్యాక భానుమూర్తి గారి దగ్గరికి వెళ్లారు.

"సార్, ఇక్కడ పాటింపరాదు అని పడింది. పాటించనక్కర్లేదు అని కదా ఉండాలి?"

ఆయన కళ్లజోడు సర్దుకుని చదివారు. మరోసారి చదివారు. మొహంలో ఏదో మెదిలింది గానీ వెంటనే సర్దుకుంది.

"మేడమ్, ఏమి ఉండవలెనన్నది మన పరిధిలోని అంశము కాదు. ఏమి ఉన్నదన్నదే మన పరిధి."

"అచ్చుతప్పు సార్ ఇది. చూస్తేనే తెలుస్తోంది."

"కావచ్చును. కాని గెజిట్‌లో పడిన అచ్చుతప్పు చట్టమగును. దానిని సవరించుటకు సవరణ బిల్లు రావలెను. సవరణ బిల్లుకు ముందు మూల్యాంకన నివేదిక రావలెను. నివేదిక ప్రయోగకాలము ముగిసిన పిదప వచ్చును."

"అంటే మూడేళ్లు."

"అవును. అంతవరకు తాము నిశ్చింతగా, స్వేచ్ఛగా ఉండవచ్చును. ఉండవచ్చును అనగా, ఉండి తీరవలెను."

నెల తిరిగేసరికి మొదటి తనిఖీ జరిగింది. భానుమూర్తి గారు మూడు జీపుల్లో వచ్చారు. చేతిలో రెండు వందల పద్నాలుగు నిబంధనల విద్యా నియమావళి, దాని పక్కన 'స్వేచ్ఛా పరిశీలన పట్టిక'. నిబంధన పాటించకపోతే ఒక మార్కు, పాటిస్తే సున్నా.

"నిర్ణీత వేళకు గంట మోగించవలెనని నాలుగవ నిబంధన. మోగించుచున్నారా?"

"మీ సర్క్యులర్ వచ్చాక లేదు సార్. గున్నయ్యకి ఎప్పుడు తోస్తే అప్పుడు కొడుతున్నాడు."

"బాగు. ఏమయ్యా, నిన్న ఎన్నింటికి కొట్టితివి?"

"పదకొండుంపావుకండి. మొన్న ఆరింటికి కొట్టేసినాను, బడిలో పిల్లలే నేరు. ఈయేళ ఇంకా తోచనేదండి." గున్నయ్య దిగులుగా అన్నాడు. ముప్పై ఏళ్లుగా అతని చేతికి తొమ్మిదింటికి గంట కొట్టే అలవాటు. ఇప్పుడు ఆ వేళకి చెయ్యి దానంతటదే లేస్తోందని, జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

తనిఖీ ముందుకు సాగింది. గ్రంథాలయం రోజూ గంటసేపు తెరిచి ఉంటోంది. సున్నా. నల్లబల్లలకు వేసవిలో రంగు వేయించారు. సున్నా. మంచినీళ్ల ట్యాంకు నెలనెలా కడుగుతున్నారు. భానుమూర్తి గారు బాధగా తలాడించి సున్నా వేశారు. ఎనిమిదో తరగతి గదిలోకి వెళ్లేసరికి ఆయన మొహం వికసించింది. పైకప్పు మూడు చోట్ల కారుతోంది. పిల్లలు మధ్యలో బకెట్టు పెట్టుకుని చుట్టూ కూర్చున్నారు.

"పైకప్పు చెమ్మ లేకుండా ఉండవలెనని ఇరవై ఆరవ నిబంధన. చాలా సంతోషము. దీనిని ఇలాగే కాపాడుకొనుడు."

"సార్, దాని రిపేరుకి వచ్చే వారం మేస్త్రీ వస్తున్నాడు."

"రానీయకుడు."

స్టాఫ్‌రూములో సోషల్ మాస్టారు దాలినాయుడు గారి కుర్చీ ఖాళీగా ఉంది. ఆయనకు బస్టాండు పక్కన ఎరువుల కొట్టుంది. వారానికి రెండు రోజులు బడికొస్తాడు, ఆ రెండు రోజులూ యూరియా ధరల గురించి మాట్లాడతాడు. శకుంతల గారు ఆయన మీద పైకి రాసి రాసి విసిగిపోయారు. ఇప్పుడైనా చెప్పవచ్చని చెప్పారు.

భానుమూర్తి గారు విని, పట్టికలో ఎరుపు సిరాతో ఏదో రాసుకున్నారు.

"ఉపాధ్యాయులు విధులకు క్రమం తప్పక హాజరు కావలెను, అది నలుబది మూడు. ఇతర వ్యాపారములు చేయరాదు, అది ఎనుబది ఎనిమిది. రెండింటినీ ఈయన ఒంటిచేత్తో అతిక్రమించుచున్నారు. ఇట్టివారు ఊరికి ఒకరు చాలు." తలెత్తి ఆవిడ వంక చూశారు. "తమకు ఏమి వ్యాపారమున్నది?"

"నాకా? ఏమీ లేదు సార్."

"ఏమీ లేదా?" ఆయన గొంతులో నిజమైన విచారం ధ్వనించింది. "ప్రధానోపాధ్యాయిని అయి ఉండి, తామే ఎనుబది ఎనిమిదిని పాటించుచుంటిరే. పిల్లలకు ఏమి ఆదర్శము?"

మొత్తం మీద నీలగెడ్డవలస హైస్కూలు స్వేచ్ఛ నూటికి ముప్పై నాలుగని తేలింది. అందులో ఎక్కువ భాగం దాలినాయుడిది, పైకప్పుది. ఆరు నెలల్లో డెబ్బై దాటాలని, లేకపోతే ఒప్పందాన్ని రద్దు చేసి బడిని మూసివేయవలసి వస్తుందని మెమో ఇచ్చి జీపులెక్కారు. మధ్యాహ్న భోజనం మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా జరిగింది. అది వేరే శాఖ కిందికి వస్తుంది.

"అన్నం బతికిపోనాది" అన్నాడు గున్నయ్య.

శకుంతల గారు ఆ సాయంత్రం నియమావళి పుస్తకాన్ని ఇంటికి పట్టుకెళ్లారు. నిర్ణీత పాఠ్యపుస్తకాలను, నిర్ణీత పీరియడ్లలో బోధించవలెనన్నది యాభై ఒకటో నిబంధన. అది పాటింపరాదు కాబట్టి బడిలో చదువు చెప్పడం ఆగిపోయింది. పదో తరగతిలో నలభై ఒక్క మంది ఉన్నారు. సగం మంది మొదటిసారిగా తమ ఇంట్లో పదో తరగతి దాకా వచ్చినవాళ్లు. మూసేస్తామంటున్నారు. మూయకపోతే చదువుండదు. ఆవిడ నియమావళి పుస్తకం ముందేసుకుని, పరీక్షలో రాని లెక్కను అటుతిప్పి ఇటుతిప్పి చూసినట్టు చూశారు.

ఎనభై ఎనిమిది తర్వాత ఎనభై తొమ్మిది ఉంది. 'ప్రభుత్వ ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పరాదు.'

మర్నాడు పొద్దున్న ఆవిడ స్టాఫ్ మీటింగ్ పెట్టారు.

"చట్ట ప్రకారం మనమందరం ట్యూషన్లు చెప్పి తీరాలి" అన్నారు. "నేను లెక్కలు చెబుతాను. సైన్సు సూర్యకాంతం గారూ, తెలుగు మీరు, ఇంగ్లీషు మీరు. ఎక్కడ అంటారా, బడి గోడ అవతల సైకిళ్ల షెడ్డులో. ఎన్నింటికంటారా, బడిలో తొమ్మిది కూడదు గానీ ట్యూషన్‌కి ఎన్నింటికైతే ఏం? తొమ్మిదింటికే."

"ఫీజు లేకపోతే ట్యూషన్ ఎలాగవుతుంది మేడమ్?" అని సూర్యకాంతం టీచరు సందేహం.

"నెలకి పిల్లకో జామకాయ."

అలా బడి గోడ దాటింది. తొమ్మిదింటికి షెడ్డులో ప్రార్థన, హాజరు, పాఠాలు, స్లిప్ టెస్టులు. బోర్డులు మోసుకెళ్లి జామచెట్లకు ఆనించారు. గోడ లోపల ఉన్నది గంటా, ఖాళీ గదులూ, కారే పైకప్పూ. చూడవచ్చిన వాళ్లకి ప్రభుత్వ బడి అచ్చం ప్రభుత్వ బడిలాగే కనిపించింది. దాలినాయుడు కొట్లో ఓ మూల చాప పరిచి 'భూగోళం ట్యూషన్' అని బోర్డు పెట్టాడు. ఎరువు బస్తాల మీద నదుల పేర్లు రాయించి ఎట్టకేలకు పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. వ్యాపారమని పేరు పెడితే గానీ ఆయనకి చదువు మీద శ్రద్ధ కుదరలేదు.

రెండో తనిఖీలో స్వేచ్ఛ ఎనభై ఒకటికి పెరిగింది. "అద్భుతము" అన్నారు భానుమూర్తి గారు, నిర్మానుష్యమైన వరండాలో నిలబడి. గోడ అవతల నుంచి నలభై గొంతులు ఏకకంఠంతో పైథాగరస్ సిద్ధాంతం చెప్పడం ఆయనకి వినిపించింది. "అది ఏమి?"

"ట్యూషన్ సార్. ఎనభై తొమ్మిది."

"చాలా సంతోషము" అని ఆయన రాసుకున్నారు.

ఇలాగే గడిచిపోయేది కాబోలు. నవంబరులో పదో తరగతి పిల్లల నామినల్ రోల్స్ పంపవలసి వచ్చింది. పరీక్ష రాసే పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, ఫొటోలు. అవి వెళ్తేనే హాల్ టికెట్లు వస్తాయి. శకుంతల గారు ఎప్పటిలాగే రాసి, సరిచూసి పంపారు. పది రోజులకి డైరెక్టరేటు నుంచి కవరు తిరిగి వచ్చింది. దాని మీద పిన్ను చేసిన కాగితంలో ఇలా ఉంది:

'నామినల్ రోల్స్ గడువులోగా సమర్పించవలెనను నూట అరవై ఒకటవ నిబంధనను తాము ఉల్లంఘించకపోవుటకు ప్రయత్నించినట్లు గమనించడమైనది. చార్టర్ పాఠశాల అయినందున ఇది తీవ్రమైన విషయము. కావున జతపరచిన పత్రములు తిరిగి పంపడమైనది.'

వార్త ఊళ్లోకి వెళ్లడానికి పూట పట్టలేదు. మధ్యాహ్నానికి తల్లులు పాతిక మంది దాకా సైకిళ్ల షెడ్డు దగ్గర చేరారు. ముందు నిలబడ్డది ఎర్నమ్మ. జీడిపిక్కల బట్టీలో పని చేస్తుంది. ఏళ్ల తరబడి జీడి కొట్టి కొట్టి ఆవిడ వేళ్లు నల్లగా మాడినట్టుంటాయి, వేలిముద్ర యంత్రంలో పడదు. కూతురు హేమలత లెక్కల్లో బడికంతటికీ ఫస్టు. ఆ పిల్లకి ట్రిపుల్ ఐటీలో సీటు వస్తుందని శకుంతల గారే ఎర్నమ్మతో అన్నారు. అన్నప్పట్నుంచి ఎర్నమ్మ ఇంకో షిఫ్టు కూడా పని చేస్తోంది.

"టీచరమ్మా, మా గుంటకి పరీచ్చ నేదంట. నిజవేనా?"

"నేను మాట్లాడతానమ్మా."

"పక్కూరి బడిలో గుంటలందరికీ ఉన్నాదంట. మనోళ్లకే ఎందుకు నేదు? మావేటి తప్పు సేసినాం?"

"తప్పేమీ కాదు ఎర్నమ్మా. మన బడికి స్వేచ్ఛ ఇచ్చారు. అందుకని."

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఎంత అసహ్యంగా ఉందో శకుంతల గారికే వినిపించింది. ఎర్నమ్మ కోప్పడలేదు. అర్థం చేసుకోవడానికి చాలా కష్టపడి ప్రయత్నించింది.

"మరి... పరీచ్చ రాసే స్వేచ్ఛ నేదా అమ్మా?"

హేమలత షెడ్డు స్తంభం పక్కన నిలబడి ఉంది. ఏడవడం లేదు. లెక్కల నోట్సు గుండెకి ఆనించుకుని, టీచరు ఏమంటుందోనని చూస్తోంది. తాను చెప్పిన ప్రతి లెక్కకీ జవాబుంటుందని ఈ పిల్ల నమ్మిందని శకుంతల గారికి తోచింది. మొహం తిప్పుకుని, "గున్నయ్యా, రేపటి బండికి టికెట్టు చేయించు" అన్నారు.

పగటి బండి. రాజధాని తొమ్మిది గంటల ప్రయాణం. కిటికీ పక్కన కూర్చుని ఆవిడ నియమావళిని మొదటి నుంచి చదవసాగారు. ఇంతకాలం అవసరమైన నిబంధనలే చూసుకున్నారు గానీ ఆ పుస్తకాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎవరూ చదివి ఉండరు, రాసినవాళ్లతో సహా. సుద్దముక్కల పొడవు నుంచి చెట్ల కింద ఆకులు ఊడ్చే దిక్కు దాకా అన్నీ ఉన్నాయి. ఎదురు సీటాయన మూడు స్టేషన్లు నిద్రపోయి లేచి, "ఏం నవలండీ అది?" అని అడిగాడు. సాయంత్రం నాలుగు దాటాక చిట్టచివరి పేజీకి వచ్చారు. చిట్టచివరి నిబంధన, రెండు వందల పద్నాలుగు. చదివారు. పుస్తకం మూశారు. మళ్లీ తెరిచి చదివారు. పద్దెనిమిదేళ్ల వయసులో ఒక రేఖాగణిత సమస్య తనంత తానుగా విడిపోయినప్పుడు కలిగిన సంతోషం లాంటిది ఒళ్లంతా పాకింది. ఎదురు సీటాయనకి తన డబ్బాలోంచి రెండు జంతికలు ఇచ్చారు.

మర్నాడు పదింటికి డైరెక్టరేటులో భానుమూర్తి గారి గదిలో కూర్చున్నారు. గోడ మీద రాష్ట్ర పటం, అందులో ఒకే ఒక ఎర్ర చుక్క.

"తమ బాధ నాకు అర్థమగుచున్నది మేడమ్" అన్నారాయన. కిందటిసారి కంటే చిక్కిపోయారు. మాట మామూలు దారిలోకి జారింది. "మా అబ్బాయీ ఈ ఏడు పదో తరగతే. ప్రైవేటు బడి. వాళ్లకి ఏ స్వేచ్ఛా లేదు, హాయిగా రాస్తాడు. మీ పిల్లల సంగతి తలుచుకుంటే నాకు అన్నం సయించట్లేదు. కానీ నేనేం చేయను? చట్టాన్ని నేను అతిక్రమించలేను."

"అక్కర్లేదు సార్. ఒక లెక్క చెబుతాను, మీరు అవునో కాదో చెప్పండి చాలు. ఏడో సెక్షను ప్రకారం మా బడి నియమావళిలోని నిబంధనలేవీ పాటించకూడదు. అవునా?"

"అవును."

"రెండు వందల పద్నాలుగో నిబంధన చదువుతారా?"

ఆయన పుస్తకం తీసి బిగ్గరగా చదివారు. "ప్రధానోపాధ్యాయులు ప్రభుత్వము చేయు సమస్త చట్టములను, ఉత్తర్వులను తు.చ. తప్పక పాటించవలెను."

"ఇది నియమావళిలోని నిబంధనేనా?"

"నిస్సందేహముగా."

"అయితే దీన్ని నేను పాటించకూడదు. అంటే ప్రభుత్వం చేసిన చట్టాలను పాటించకూడదు. ఏడో సెక్షను కూడా ప్రభుత్వం చేసిన చట్టమే. కాబట్టి దాన్నీ పాటించకూడదు. ఏడో సెక్షను పాటించకపోవడమంటే నిబంధనలు పాటించడం. కాబట్టి నామినల్ రోల్స్ పంపి తీరాలి. పంపకపోతే నేను చట్టాన్ని పాటించినట్టు సార్. అది పెద్ద నేరం."

భానుమూర్తి గారు తెల్లకాగితం తీసుకుని బాణం గుర్తులు గీశారు. ఒక గుండ్రం తయారైంది.

"కానీ మేడమ్, నిబంధనలు పాటించడం మొదలుపెడితే రెండు వందల పద్నాలుగు కూడా పాటించాలి. అప్పుడు ఏడో సెక్షను పాటించాలి. అప్పుడు మళ్లీ నిబంధనలు పాటించకూడదు. అప్పుడు మళ్లీ..."

"అవును సార్. ఇది తిరుగుతూనే ఉంటుంది. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట ఆపాలి. మనం నామినల్ రోల్స్ దగ్గర ఆపుదాం."

ఆయన ఆ గుండ్రం మీద పెన్ను మరోసారి తిప్పారు. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి ఒక కాగితం ఆయన్ని నీ అభిప్రాయం ఏమిటని అడుగుతోంది. నుదురు తుడుచుకున్నారు. గ్లాసులో నీళ్లన్నీ తాగారు. తర్వాత ఫైలు ముందుకు లాక్కుని, పైకి చదువుకుంటూ రాశారు.

"సదరు ప్రధానోపాధ్యాయిని చట్టమును అత్యంత చిత్తశుద్ధితో ఉల్లంఘించుచున్నందున, మరియు అట్లు ఉల్లంఘించుట చట్టసమ్మతమైనందున, నామినల్ రోల్స్ స్వీకరించవచ్చును."

కింద సంతకం పెట్టారు. పెట్టాక ఆయన మొహం కుర్రవాడి మొహంలా అయింది. బెల్లు కొట్టి రెండు టీలు చెప్పారు.

హాల్ టికెట్లు వచ్చిన రోజు ఎర్నమ్మ కూతురి టికెట్టును నల్లటి చేత్తో పట్టుకోకుండా చీర చెంగుతో పట్టుకుని చూసింది. మార్చిలో నలభై ఒక్క మందీ పరీక్ష రాశారు. ముప్పై తొమ్మిది మంది పాసయ్యారు. మిగతా ఇద్దరూ జూన్‌లో మళ్లీ రాశారు. హేమలతకి సీటు వచ్చింది. ట్రంకు పెట్టె మోసుకుని బస్సెక్కుతూ టీచరు కాళ్లకి దణ్ణం పెట్టబోతే ఆవిడ పట్టుకుని లేపి, "అక్కడ రూల్సు బుక్కు ఇస్తారు. చివరి పేజీ ముందు చదువు" అన్నారు.

ఇంత మంచి ఫలితాలు వచ్చాక మూడేళ్లు ఆగడం దేనికని ప్రభుత్వం వెంటనే మూల్యాంకన సంఘాన్ని వేసింది. సంఘం రెండు పూటలు బడిలో గడిపి, ఖాళీ తరగతి గదులను, తోచినప్పుడు మోగే గంటను, పైకప్పును పరిశీలించింది. షెడ్డు గోడ అవతల ఉంది కనుక పరిశీలన పరిధిలోకి రాలేదు. ఈ ఉత్తీర్ణతకు మూలకారణం ఏడో సెక్షనేనని, దాన్ని యథాతథంగా రాష్ట్రంలోని బడులన్నింటికీ వర్తింపజేయాలని నివేదిక ఇచ్చింది. దాలినాయుడికి ఉత్తమ స్వేచ్ఛా ఉపాధ్యాయ పురస్కారం వచ్చింది. ఆయన శాలువాతోనే కొట్లో కూర్చుని ఇద్దరు పిల్లలకి గోదావరి ఎక్కడ పుట్టిందో చెబుతున్నాడు.

అదే వారంలో శకుంతల గారికి డైరెక్టరేటు నుంచి ఒక రిజిస్టర్డు కవరు వచ్చింది. తొంభై శాతం పైన ఉత్తీర్ణత సాధించిన ప్రధానోపాధ్యాయులను ప్రశంసాపత్రంతో సత్కరించాలని నూట తొంభయ్యో నిబంధన. చార్టర్ బడి విషయంలో అది పాటింపరాదు. సిబ్బంది దీర్ఘంగా ఆలోచించి, ప్రశంసాపత్రానికి వ్యతిరేకపదం ఛార్జిమెమో అని తేల్చారు.

'తమ పాఠశాలలో ముప్పై తొమ్మిది మంది విద్యార్థులు ఉత్తీర్ణులైనట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. ఇందుకు బాధ్యులెవరో తెలుపుచు, తమపై చర్య ఎందుకు తీసుకొనరాదో ఏడు రోజులలో సంజాయిషీ ఇవ్వవలెను.'

కింద భానుమూర్తి గారి సంతకం ఉంది. దాని పక్కన, పెన్సిలుతో, చాలా చిన్న అక్షరాల్లో, 'క్షమించండి మేడమ్' అని ఉంది.

షెడ్డులో కొత్త పదో తరగతి కూర్చుని ఉంది. శకుంతల గారు బోర్డు మీద ఒక లెక్క వేసి, పిల్లలు చేస్తుండగా బల్ల మీద కాగితం పెట్టుకుని సంజాయిషీ రాశారు. రెండు నిమిషాలు పట్టింది. గున్నయ్య కవరు అంటించబోతూ, "ఏటి రాసినారమ్మా?" అని అడిగితే చదివి వినిపించారు.

'అయ్యా, ఆరోపణ వాస్తవమే. పిల్లలకు నేనే చదువు చెప్పితిని. ఇందులో పై అధికారుల ప్రమేయము ఏ మాత్రము లేదు. ఈ ఏడు నలభై నాలుగు మంది ఉన్నారు. వారి విషయములో కూడా ఇదే నేరము చేయు ఉద్దేశము గలదు.'